గ్యాప్ అడిగినంతే

"సార్, కారు బ్యాటరీల ఉన్నది పన్నెండు వోల్టులే గద, ప్లగ్గు దగ్గర ముప్ఫై వేలు యాడికెళ్లి వస్తయి?"

పాన్‌గల్‌లో పదో తరగతి పిల్లవాడు అడిగాడు. ట్రాన్స్‌ఫార్మర్ పాఠం అప్పుడే అయింది. దానికి ఏసీ కావాలని, డీసీతో పని జరగదని బోర్డు మీద రాసింది నేనే. వాడి అనుమానం న్యాయమైనదే. పన్నెండును వందతో హెచ్చించినా వచ్చేది పన్నెండు వందలు. మిగతావి ఎక్కడివి?

కిటుకంతా కరెంటును ఆపడంలో ఉంది. ఇగ్నిషన్ కాయిల్‌లో ఒకే ఇనుప దిమ్మె మీద రెండు చుట్టలుంటాయి. కాస్త లావు తీగతో చుట్టింది ప్రైమరీ. బాగా సన్న తీగతో, దాదాపు వంద రెట్లు ఎక్కువ చుట్లు వేసింది సెకండరీ. ప్రైమరీకి బ్యాటరీ తగిలించగానే కరెంటు ఒక్కసారిగా ఎక్కదు. రెండు మూడు మిల్లీసెకన్లు తీసుకుని ఏడెనిమిది ఆంపియర్లకు చేరుతుంది. ఆ కాస్త వ్యవధిలో దిమ్మెలో అయస్కాంత క్షేత్రంగా శక్తి నిలవవుతుంది. సరిగ్గా అప్పుడు టక్కున కనెక్షన్ తెంపాలి. బోరు నీళ్లు జోరుగా పారుతుండగా గేట్ వాల్వ్ ఒక్కసారిగా కట్టేస్తే పైపు ఎట్లా అదురుతుందో పొలమున్న ప్రతివాడికీ తెలుసు. కాయిల్‌లోనూ అదే గొడవ. కూలిపోతున్న క్షేత్రం ప్రైమరీ కొసల మధ్యే మూడు నాలుగు వందల వోల్టులు పుట్టిస్తుంది. వందతో హెచ్చించాల్సింది ఆ అంకెను. వాడి ముప్ఫై వేలు అక్కడ దొరికాయి.

తెంపడం ఎంత చురుగ్గా జరిగితే దెబ్బ అంత గట్టిగా ఉంటుంది. పాత అంబాసిడర్, పద్మిని కార్లలో ఈ తెంపే పని డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లాటినం పాయింట్లది. అవి విడిపోయేటప్పుడు వాటి మధ్యే చిన్న నిప్పు లేచి కరెంటును ఇంకాసేపు పారనిస్తుంది. దాన్ని మింగడానికే పక్కన కండెన్సర్ పెట్టారు. కండెన్సర్ పోతే పాయింట్లు నల్లగా కాలేవి, ప్లగ్గులో నిప్పు పసుపుగా నీరసపడేది. ఎమ్రీ కాగితంతో పాయింట్లు రుద్దిన తరం ఇంకా మన షెడ్లలో ఉంది.

ఈ పద్ధతికి మొదట్లో గట్టి ప్రత్యర్థి ఉండేది. జర్మనీలో రాబర్ట్ బాష్ దగ్గర పనిచేసిన గోట్లోబ్ హోనోల్డ్ 1902లో హై వోల్టేజ్ మాగ్నెటోను స్పార్క్ ప్లగ్గుతో జతకట్టాడు. బ్యాటరీ అక్కర్లేదు, ఇంజిన్ తిరిగితే చాలు, తన కరెంటు తానే చేసుకుంటుంది. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బ్యాటరీనే నమ్ముకుని, కాయిల్, పాయింట్ల పద్ధతిని 1910 మోడల్ కాడిలాక్‌లో పెట్టించాడు. నా ఓటు కెట్టరింగ్‌కే. మాగ్నెటో నెమ్మదిగా తిరిగినప్పుడు నీరసం; మనకు నిప్పు అత్యవసరమయ్యేది కూడా అప్పుడే, స్టార్టింగులో. 1912 కాడిలాక్‌కు ఆయనే సెల్ఫ్ స్టార్టర్ కూడా బిగించాక బ్యాటరీ ఎలాగూ కారులోకి వచ్చి కూర్చుంది. కార్లలో మాగ్నెటో పని నెమ్మదిగా ముగిసింది. స్కూటర్లలో, విమానాల్లో బతికింది. లూనా తొక్కినవాళ్లంతా మాగ్నెటోతో కాపురం చేసినవాళ్లే.

కెట్టరింగ్‌కు ఒక నింద కూడా మిగిలింది. ఇంజిన్‌లో టకటకమనే నాక్‌కు కారణం ఆయన ఇగ్నిషనేనని గిట్టనివాళ్లు అన్నారు. అసలు దోషి పెట్రోలని తేల్చడానికి ఆయన బృందం ఏళ్లు వెచ్చించింది. ఆ వెతుకులాటే చివరికి పెట్రోల్లో సీసం కలిపే దాకా పోయింది. అది వేరే విషాదం.

ఇప్పుడు టర్బో సంగతి. పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువుతో తిరిగే చక్రం, ఇటువైపు గాలిని సిలిండర్లోకి దట్టిస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాల్చొచ్చు. ప్లగ్గుకు మాత్రం కష్టకాలం. 1889లో ఫ్రీడ్రిక్ పాషెన్ తేల్చిందేమిటంటే, ఖాళీని చీల్చడానికి కావాల్సిన వోల్టేజ్ ఆ ఖాళీ వెడల్పు, అక్కడి ఒత్తిడి, ఈ రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది. బయటి గాలిలో ఒక మిల్లీమీటరుకు మూడు వేల వోల్టుల పైచిలుకు సరిపోతుంది. టర్బో దట్టించే ఒత్తిడి, అంటే బూస్ట్, ఎక్కిన సిలిండర్లో అదే గ్యాప్‌కు ఇరవై వేలు దాటాలి.

వనపర్తి రోడ్డు మీది ఒక షెడ్డుకు ఇరవై ఏళ్ల నాటి టర్బో పెట్రోలు కారు వచ్చింది. "ఐడిల్‌ల మంచిగనే ఉంటది సార్, తొక్కితేనే మిస్ గొడ్తది. ప్లగ్గు ఇప్పి బాడీకి ఆనిచ్చి చూస్తే నిప్పు బ్రహ్మాండంగ వస్తుంది" అన్నాడు మెకానిక్. వస్తుంది మరి. ఆ పరీక్ష జరిగింది బయటి గాలిలో, మూడు వేల వోల్టుల పనిలో. స్కూటర్ల కాలంలో నమ్మకంగా పనికొచ్చిన ఈ పరీక్ష టర్బో బండికి ఏమీ చెప్పదు. పైగా ఎలక్ట్రానిక్ కాయిల్ ఉన్న కార్లలో కంట్రోల్ యూనిట్‌కే ప్రమాదం.

స్కానర్ పీ0302 చూపించింది, అంటే రెండో సిలిండర్ మిస్. రెండో కాయిల్‌ను మూడోదానితో మార్చి కాసేపు తిప్పితే కోడ్ పీ0303కి జరిగింది. దోషం కాయిల్‌తోనే ప్రయాణం చేసింది. ప్లగ్గు తీసి చూస్తే తెల్లటి పింగాణి మీద పైనుంచి కింది దాకా సన్నని నల్ల గీత. లోపలి గ్యాప్ అరిగి వెడల్పయింది. దాన్ని దూకడం కష్టమై కరెంటు రబ్బరు బూటులోపలి నుంచి పక్కదారి పట్టింది, దారిలో కార్బన్ గీసింది. కార్బన్ కరెంటును పోనిస్తుంది కాబట్టి తర్వాతి నిప్పులూ ఆ దారినే పోయాయి. అందుకే కొత్త కాయిల్‌ను గీతపడ్డ పాత ప్లగ్గు మీద బిగించడం డబ్బు దండగ. నాలుగు ప్లగ్గులూ, బూట్లూ కలిపి మార్చాలి. ఈలోగా చెక్ ఇంజిన్ లైటు మిణుకుతుంటే బండి తోలొద్దు. కాలని పెట్రోలు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కాల్చేస్తుంది.

ఎత్తుల్లో ఎగిరే టర్బో విమానాలకూ ఇదే తిప్పలు. సిలిండర్ లోపల దట్టమైన గాలి, మాగ్నెటో లోపల పల్చటి గాలి. నిప్పు సులువైన దారి వెతుక్కుని మాగ్నెటోలోనే దూకేస్తుంది. అందుకని మాగ్నెటోకే కాస్త గాలి కొట్టి ఒత్తిడి పెంచారు. నాకు భలే నచ్చిన ఉపాయమిది.

తర్వాతి చరిత్ర చకచకా చెప్పుకోవచ్చు. పాయింట్ల స్థానంలో ట్రాన్సిస్టర్ వచ్చింది, డిస్ట్రిబ్యూటర్ పోయింది, ప్రతి ప్లగ్గు నెత్తినా సొంత కాయిల్ ఎక్కింది. ఫోర్డ్ మోడల్ టీలో 1908లోనే సిలిండర్‌కొక కాయిల్ చొప్పున చెక్కపెట్టెలో ఉండేవి, అది వేరే మాట. లాభం లెక్కలో తెలుస్తుంది: నాలుగు సిలిండర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎంలో సెకనుకు 200 నిప్పులు అడుగుతుంది. ఒకే కాయిల్ అయితే ఒక్కో నిప్పుకు 5 మిల్లీసెకన్లు, నాలుగైతే 20. స్వీడన్ కంపెనీ సాబ్ ఇంకో అడుగు వేసి, నిప్పు పడ్డాక అదే ప్లగ్గు గ్యాప్‌లో చిన్న వోల్టేజ్ పెట్టి, అయాన్ల కరెంటును బట్టి నాక్‌ను పసిగట్టింది.

షెడ్డులో చర్చ చివరికి అప్‌గ్రేడ్ మీదికి వచ్చింది. పాత 1.8 టర్బో ఇంజిన్లకు ఆడి ఆర్8 ఎర్ర కాయిళ్లు వేసుకోవడం కుర్రవాళ్లలో ఫ్యాషన్. కాయిల్ డబ్బా మీద ఎన్ని వేల వోల్టులు రాసి ఉన్నా, గాలి చీలిన క్షణంలోనే వోల్టేజ్ పెరగడం ఆగిపోతుంది. గ్యాప్ ఇరవై వేలు అడిగితే ఇరవై వేలే. మిస్ లేని బండికి ఎర్ర కాయిల్ హార్స్‌పవర్ ఇవ్వదు. బూస్ట్ పెంచినవాళ్లకైతే ఆ మిగులు శక్తి పనికొస్తుంది. అప్పుడు కూడా ముందు ఫీలర్ గేజ్ పట్టుకుని గ్యాప్‌ను 0.7 మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గించడమే చవకైన పని. కాస్త చల్లటి ప్లగ్గు, అంటే వేడిని త్వరగా వదిలేది, కావాలంటే ఎన్‌జీకేలో పెద్ద అంకె అడగాలి, బాష్‌లో చిన్న అంకె. ఇద్దరూ తలకిందులుగా లెక్కపెడతారు. కౌంటర్లో కంపెనీ పేరు చెప్పకుండా "ఒక నంబరు పెంచి ఇయ్యి" అంటే వేడి ప్లగ్గు చేతిలో పెట్టినా పెడతారు.