పానపాత్రలో బొటనవ్రేలు

లోకమున పానశాలలకు కొదువ లేదు. వానిలో వింతలకును కొదువ లేదు. కాని కెనడా దేశపు వాయవ్యమూలను, యూకాన్ నదీతీరమున నున్న డాసన్ పట్టణమున జరుగు వింత వంటిది మరియొకచోట అరుదు. అచటి డౌన్‌టౌన్ హోటలు పానశాలలో రాత్రివేళ అతిథులు వరుస కట్టి నిలుతురు. వారి యెదుట గాజుపాత్ర, పాత్రలో మద్యము, మద్యములో నిజమైన మనుష్యుని కాలివ్రేలు!

ఆ వ్రేలు నల్లబడి, ముడుతలు పడి, గోరుతో సహా ఎండియుండును. దానిని ఉప్పులో భద్రపరతురు. త్రాగువాని పెదవికి ఆ వ్రేలు తాకవలెను, నియమ మింతే. తాకినవానికి ప్రమాణపత్రము లభించును. చుట్టునున్నవారు కేకలు వేయుదురు. ధైర్యము చాలనివారు పాత్ర నెత్తి, మరల బల్లపై నుంచి వెనుదిరుగుదురు.

ఈ ఆచారము 1973లో డిక్ స్టీవెన్‌సన్ అను నౌకానాయకుని వలన పుట్టినది. అతనికి ఒక పాత కొయ్యకుటీరమున, సీసాలో దాచిన కాలివ్రేలు దొరకెనట. 1920 దశకమున దొంగచాటుగా మద్యము తరలించు నొకడు మంచుతుపానులో చిక్కుకొనగా, గడ్డకట్టిన అతని వ్రేలిని సోదరుడు గొడ్డలితో నరికెనని కథ. ఆ మొదటి వ్రేలిని 1980లో ఒక గనికార్మికుడు పొరబాటున మ్రింగివేసెను. పిమ్మట వ్రేళ్ళు పోగొట్టుకొన్న దాతలు తమ వ్రేళ్ళను పంపసాగిరి. 2013లో ఒకడు కావలెననియే మ్రింగి 500 డాలర్ల జరిమానా చెల్లించెను. తరువాత జరిమానా 2,500 డాలర్లయినది. 2017లో వ్రేలిని దొంగిలించిన వాడు మనసు మార్చుకొని, క్షమాపణలేఖతో తపాలాలో తిరిగి పంపెను!

ఆ పానీయమునకు 'సవర్‌టో' అని పేరు. ఇందులో ఒక శ్లేష యున్నది. 1896లో ఆ ప్రాంతపు వాగులో బంగారము బయటపడగా సుమారు లక్షమంది అచటికి బయలుదేరిరి. చేరినవారు అందులో సగమైనను లేరు. చలికాలమంతయు నిలిచి బ్రతికిన ముదురు గనికార్లను 'సవర్‌డో' అనిరి, అనగా పులిసినపిండి. మన ఇంట దోసెలపిండిలో కొంత మిగిల్చి మరునాటికి తోడు వేసినట్లు, వారు రొట్టెకై పులిసినపిండిని దాచి, అది గడ్డకట్టకుండ దుస్తులలోపల ఒంటి కానించుకొని కాపాడిరి.

ఆ చలి ఎట్టిది? ఉష్ణమానము సున్నకు దిగువ 40 డిగ్రీలకు పోవుట అచట వింత కాదు. అట్టి చలిలో శరీరము గుండె మొదలగు ముఖ్యావయవముల వేడిని కాపాడుటకై కాలుసేతుల రక్తనాళములను ముడుచుకొనును. వ్రేళ్ళలోని నీరు మంచుపలుకులగును. రక్తము నడవని కండ చచ్చి నల్లబడును. మొదట నొప్పి, పిమ్మట తిమ్మిరి, ఆపై ఏమియు తెలియకుండుట. ఆ తెలియమియే మిక్కిలి ప్రమాదము.

చలికి మందని మద్యము త్రాగువారు మోసపోవుట ఇచటనే. మద్యము చర్మమందలి రక్తనాళములను విప్పార్చును, ముఖము వెచ్చబడును. కాని అది కొత్తగా వచ్చిన వేడి కాదు. లోపలినుండి బయటికి జారిపోవుచున్న వేడి. కథలోని మద్యపు దొంగవ్యాపారి వ్రేలు మద్యపాత్రకే చేరుట ఎంతటి విధివిలాసము!

2018లో యూకాన్ మంచుదారులలో పరుగుపందెమునకు వచ్చిన ఒక ఆంగ్లేయుడు మంచుకాటువలన కాలివ్రేళ్ళు కోల్పోయెను. వానిని ఆ హోటలునకే దానము చేసి, 2019లో స్వయముగా వచ్చి, తన వ్రేలు వేసిన పాత్రనే పెదవులకు తాకించెను. ఇతరుల పెదవుల నది జుగుప్స, వినోదము. అతని పెదవులకు తాకినది మాత్రము, ఒకప్పుడు తన్ను మోసిన కాలిలోని భాగము. ఆ రాత్రియు పాత్ర ఖాళీ కాగానే వ్రేలు తిరిగి ఉప్పులోనికే చేరినది.