ఆర్‌సీ విమానం మాట వినకపోతే? గాల్లోకి లేపకముందే తేల్చుకోవాల్సిన లెక్క

డ్రోన్ చేతికి అలవాటైనవాళ్లకి ఆర్‌సీ విమానం మొదటి రోజే షాక్ ఇస్తుంది. జీపీఎస్ ఉన్న డ్రోన్ అయితే భయమేసినప్పుడు రెండు స్టిక్స్ వదిలేస్తే చాలు, ఉన్నచోటే గాల్లో నిలబడుతుంది. విమానానికి ఆ సదుపాయం లేదు. ముందుకు కదులుతున్నంత సేపే దాని రెక్కల మీద లిఫ్ట్ పుడుతుంది. మీరు కంగారుపడినా, ఆలోచిస్తూ నిలబడినా అది మాత్రం ఆగదు. గంటకి 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. "ఏమైంది?" అనుకునే మూడు సెకన్లలో 50 మీటర్లు దాటిపోతుంది.

థర్మాకోల్ బొమ్మే కదా, తగిలితే ఏమవుతుంది అనుకోకండి. బ్యాటరీ, మోటార్‌తో కలిపి 1.2 కిలోల విమానం ఆ వేగంతో తగిలితే, అదే బరువు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి మనిషి మీద పడినంత దెబ్బ. పైగా ముందు ప్రొపెల్లర్ తిరుగుతూ ఉంటుంది. అందుకే ఈ ఆర్టికల్‌లో ఏ మోడల్ కొనాలన్న సంగతి కాస్త పక్కన పెట్టి, విమానం చేయి దాటిన ఆ కొద్ది సెకన్ల గురించే మాట్లాడుకుందాం.

"సిగ్నల్ పోయింది" అనేముందు

గ్రౌండ్‌లో విమానం కూలితే వినిపించే మొదటి మాట "సిగ్నల్ పోయిందిరా". చాలాసార్లు రేడియో తప్పేమీ ఉండదు. కంట్రోల్ పోవడంలో నాలుగు రకాలున్నాయి, నాలుగింటికీ మందు వేరు.

మొదటిది, దిక్కు తెలియకపోవడం. విమానం మన వైపు వస్తుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. మీరు కుడి అనుకుని తిప్పితే అది మీకు ఎడమ వైపు పోతుంది. దీనికో తేలిక చిట్కా ఉంది: ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకే స్టిక్ నెట్టండి. వాలిన రెక్క కింద గుంజ పెట్టి లేపుతున్నట్టు ఊహించుకోండి. విమానం సమంగా అవుతుంది.

రెండోది స్టాల్. వేగం తగ్గిపోయి ముక్కు పైకి ఉన్నప్పుడు రెక్కల మీద గాలి సరిగ్గా అంటుకుని పారదు. ఒక రెక్క ఠక్కున పడిపోతుంది. కొత్తవాళ్లు భయంతో ఎలివేటర్‌ని ఇంకా వెనక్కి లాగుతారు, స్టాల్ ఇంకా ముదురుతుంది. చేయాల్సింది దానికి రివర్స్: ఎలివేటర్ వదిలి, ముక్కు కాస్త దించి, వేగం రానిచ్చి, అప్పుడు రెక్కలు సరిచేయాలి. దీనికి ఎత్తు కావాలి. అందుకే ప్రయోగాలన్నీ పైనే చేయాలి.

మూడోది పవర్, నాలుగోది నిజంగా రేడియో. గాడ్జెట్ల సైట్‌లో మనం వివరంగా చూడాల్సినవి ఈ రెండే.

విమానం లోపల కరెంట్ కోత

ఎలక్ట్రిక్ విమానంలో ఒకే లైపో బ్యాటరీ అన్నిటికీ ఆధారం. మోటార్‌ని నడిపే ఈఎస్‌సీ లోపలే బీఈసీ అనే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది బ్యాటరీ వోల్టేజ్‌ని 5 వోల్టులకి దించి రిసీవర్‌కి, సర్వోలకి ఇస్తుంది. అది తడబడితే మోటార్‌కి పవర్ ఉన్నా విమానం మెదడుకి ఉండదు.

చవక ఈఎస్‌సీల్లో ఉండేది లీనియర్ బీఈసీ, సాధారణంగా 2 ఆంపియర్లది. ఇది ఎక్కువైన వోల్టేజ్‌ని వేడిగా మార్చి వదిలేస్తుంది. లెక్క చూడండి. ఫుల్ ఛార్జ్ ఉన్న 3ఎస్ బ్యాటరీ 12.6 వోల్టులు. అందులో 5 తీసేస్తే 7.6. పూర్తి 2 ఆంపియర్లు లాగితే 15 వాట్ల పైగా వేడి, అదీ గోరంత చిప్‌లో, గాలి ఆడని ఫోమ్ బాడీ లోపల. 4ఎస్ బ్యాటరీ పెడితే అదే వేడి దాదాపు 24 వాట్లు. మే నెల ఎండలో మన గ్రౌండ్లలో పరిస్థితి ఏంటో చెప్పక్కర్లేదు.

నాలుగు సర్వోలు ఒకేసారి గట్టిగా పనిచేసే మలుపులో బీఈసీ కుంగితే, రిసీవర్ ఒక్క క్షణం ఆగి మళ్లీ బూట్ అవుతుంది. దీన్నే బ్రౌనౌట్ అంటారు. ఫోన్ దానంతటదే రీస్టార్ట్ అయితే మనకి విసుగు మాత్రమే. విమానం రీస్టార్ట్ అయ్యేలోపు నేల దగ్గరపడుతుంది. కింద పడ్డాక చూస్తే అన్నీ భేషుగ్గా పనిచేస్తుంటాయి, దాంతో నింద సిగ్నల్ మీదికి పోతుంది.

మందు ఖరీదైనదేమీ కాదు. మెటల్ గేర్ సర్వోలు వాడినా, 4ఎస్‌కి వెళ్లినా స్విచింగ్ బీఈసీ ఉన్న ఈఎస్‌సీ తీసుకోండి, లేదా విడిగా 5 ఆంపియర్ల బీఈసీ పెట్టండి. టెలిమెట్రీ ఉన్న రిసీవర్ అయితే దాని వోల్టేజ్ మీ ట్రాన్స్‌మిటర్ స్క్రీన్ మీదే కనిపిస్తుంది. నేలమీద నిలబడి అన్ని స్టిక్స్ ఒకేసారి గబగబా తిప్పుతూ ఆ అంకె చూడండి. 5 నుంచి బాగా కిందికి పడుతుంటే ఆ రోజు ఎగరేయకండి.

ఇంకో సంగతి. బ్యాటరీ అయిపోవస్తే ఈఎస్‌సీ మోటార్‌ని ఆపేస్తుంది కానీ, సర్వోలకి కొంతసేపు పవర్ ఉంచుతుంది. శబ్దం ఆగిపోగానే కంట్రోల్ పోయిందని బెంబేలెత్తకండి. ముక్కు కాస్త కిందికి పెట్టి గ్లైడ్ చేస్తూ, గాలికి ఎదురుగా, పెద్ద మలుపులు లేకుండా దించేయండి. అసలు అంతదాకా రానివ్వకుండా ట్రాన్స్‌మిటర్‌లో టైమర్ పెట్టుకోవడం ఇంకా మేలు.

31 మిల్లీమీటర్ల కథ

పాత 72 మెగాహెర్ట్జ్, 35 మెగాహెర్ట్జ్ సెట్లలో ఒకే ఛానెల్ క్రిస్టల్‌తో ఇద్దరు ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం కూలేది. 2000ల మధ్యలో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక ఆ బాధ తప్పింది. ఇప్పటి సెట్లు సెకనుకి ఎన్నోసార్లు ఛానెల్ మారుస్తూ, తమతో బైండ్ అయిన రిసీవర్‌తోనే మాట్లాడుకుంటాయి. పక్కన ఇంకో పదిమంది ఎగరేస్తున్నా ఇబ్బంది ఉండదు.

కానీ ఈ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లే. రిసీవర్ నుంచి వచ్చే సన్నటి వైరులో నిజంగా సిగ్నల్ పట్టేది చివర తొడుగు లేని 31 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే తరంగంలో నాలుగో వంతు. ఆ ముక్క మడిచినా, తెగినా, బ్యాటరీ పక్కన కుక్కినా, కార్బన్ ఫైబర్ రాడ్‌కి ఆనించినా రేంజ్ పడిపోతుంది. రెండు యాంటెన్నాలున్న రిసీవర్ అయితే ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, అంటే 90 డిగ్రీల తేడాతో అంటించండి. విమానం ఎలా వాలినా ఒకటైనా అందుకుంటుంది.

ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా విషయంలో చాలామంది తుపాకీ గురిపెట్టినట్టు దాని కొనని విమానం వైపు చూపిస్తారు. కొన వైపే సిగ్నల్ అన్నిటికన్నా బలహీనం. పక్క భాగం విమానం వైపు ఉండేలా పట్టుకోవాలి.

జవాబు రాకపోతే ఏం చేయాలి?

కోడ్ రాసేవాళ్లకి ఇది రోజూ ఉండే ప్రశ్నే. అవతలి సర్వర్ నుంచి జవాబు రాకపోతే ఏం చేయాలో ముందే రాసిపెట్టకపోతే ఆ ప్రోగ్రామ్‌ని ఎవరూ లైవ్‌లోకి పంపరు. విమానంలో ఆ పని చేసేది ఫెయిల్‌సేఫ్. ట్రాన్స్‌మిటర్ మాట వినిపించకపోతే సర్వోలు, మోటార్ ఏ స్థితికి వెళ్లాలో రిసీవర్‌కి ముందే చెప్పి ఉంచడం.

చిక్కేంటంటే, చాలా సెట్లలో దీన్ని మనమే సెట్ చేయాలి. చేయకపోతే కొన్ని రిసీవర్లు చివరగా విన్న కమాండ్‌నే పట్టుకుని కూర్చుంటాయి. థ్రాటిల్ 70 శాతం దగ్గర లింకు తెగితే అదే 70 శాతంతో ఎగురుతూనే ఉంటుంది.

ఇది నేను కళ్లారా చూశాను. ఊరి బయట ఖాళీ పొలాల దగ్గర ఒక ఆదివారం నా ఫ్రెండ్ విమానం దూరంగా మలుపు తీసుకుంటూ ఉండగా "స్టిక్ కదిపినా వినట్లేదు మామా" అన్నాడు. మోటార్ మాత్రం హాయిగా తిరుగుతూనే ఉంది. గుండ్రంగా తిరుగుతూ, గాలి వాటంగా జరుగుతూ, బస్సులు తిరిగే రోడ్డు మీదుగా వెళ్లి అవతల పత్తిచేలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అది రోడ్డు మీద ఉన్న ఆ కొన్ని సెకన్లు మేం చేయగలిగింది ఒక్కటీ లేదు, చూడటం తప్ప. ఆ రిసీవర్‌తో వచ్చిన కాగితంలో ఫెయిల్‌సేఫ్ అన్న మాటే లేదు.

ఇలా చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చింది మాకే కాదు. 1956 ఆగస్టు 16న కాలిఫోర్నియాలోని పాయింట్ మగూ నుంచి అమెరికా నేవీ రిమోట్‌తో నడిచే ఒక హెల్‌క్యాట్ విమానాన్ని, గురి సాధనకి టార్గెట్‌గా వాడేదాన్ని, గాల్లోకి పంపింది. అది కమాండ్స్ వినడం మానేసి లాస్ ఏంజెలిస్ వైపు తిరిగింది. ఆపడానికి రెండు ఎఫ్-89 ఫైటర్ జెట్లు వెళ్లి మొత్తం 208 రాకెట్లు పేల్చాయి. ఒక్కటీ దాన్ని కూల్చలేదు. ఆ రాకెట్లు పడి దాదాపు 1,000 ఎకరాలు తగలబడ్డాయి. విమానం మాత్రం ఇంధనం అయిపోయాక పామ్‌డేల్ దగ్గర ఎడారిలో దానంతటదే పడిపోయింది. చేయి దాటాక ఫైటర్ జెట్లతోనే కాని పని, మన అరుపులతో అవుతుందా?

అందుకే సెట్టింగ్ ముందే చేయాలి. చూసి దించే మామూలు విమానానికి నేను పెట్టేది ఇది: థ్రాటిల్ పూర్తిగా సున్నా, ఎలివేటర్ కొంచెం పైకి, రడ్డర్ లేదా ఎయిలరాన్ కొంచెం ఒక పక్కకి. మోటార్ ఆగి, విమానం నెమ్మదిగా చుట్లు తిరుగుతూ ఉన్నచోటికి దగ్గర్లోనే దిగుతుంది. తిన్నగా గ్లైడ్ చేయిస్తే విమానం బతకొచ్చేమో గానీ ఎంత దూరం పోయి ఎవరి మీద పడుతుందో చెప్పలేం. ఫెయిల్‌సేఫ్ ఉన్నది విమానాన్ని కాపాడటానికి కాదు, కింద ఉన్నవాళ్లని కాపాడటానికి.

మనవాళ్లు ఎక్కువగా కొనే ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 లాంటి సెట్‌లో ఇది రిసీవర్ సెటప్ మెనూలో ఉంటుంది. ఒక్కో ఛానెల్‌కి విడివిడిగా ఆన్ చేయాలి. వేరే సెట్ అయితే మాన్యువల్‌లో ఆ మాట కోసం వెతకండి. దొరకలేదా, ఆ సెట్ కొనకండి.

ఆ అయిదు సెకన్లలో

విమానం వినట్లేదని అనిపించగానే:

1. థ్రాటిల్ కిందికి లాగేయండి, మిగతా స్టిక్స్ మధ్యలోకి తెండి. లింకు తిరిగొచ్చిన క్షణంలో మీ స్టిక్ ఎక్కడుంటే విమానం అక్కడికే దూకుతుంది. కంగారులో పూర్తిగా లాగిపెట్టిన ఎలివేటర్ వల్లే చాలా విమానాలు రెండోసారి పోతాయి.
2. గట్టిగా అరవండి. "విమానం, పక్కకి జరగండి" అంటే చాలు. మొహమాటం వద్దు.
3. ట్రాన్స్‌మిటర్ పైకెత్తి, యాంటెన్నా పక్క భాగం విమానం వైపు తిప్పండి. నడవగలిగితే అడ్డం లేని చోటికి రెండడుగులు వేయండి.
4. కంట్రోల్ తిరిగొస్తే ముందు రెక్కలు సమం చేసి వెంటనే దించేయండి. "ఇప్పుడు బాగానే ఉందిగా" అని ఇంకో రౌండ్ వేయకండి.
5. కంట్రోల్ సగమే ఉండి, ముందు మనుషులుంటే, విమానాన్ని మీ చేతులారా ఖాళీ నేలలో కూల్చేయండి. డబ్బులు మళ్లీ సంపాదించుకోవచ్చు.

పడ్డాక కూడా తొందరొద్దు. సొట్టపడిన లైపో కాసేపటి తర్వాత కూడా అంటుకోవచ్చు. దాన్ని విడిగా మట్టి నేల మీద ఉంచి గమనించండి, వెంటనే బ్యాగ్‌లోనో కారులోనో పడేయకండి.

ఎక్కడ ఎగరేయాలి?

డ్రోన్ రూల్స్, 2021 మనకీ వర్తిస్తాయి. 250 గ్రాముల లోపు నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. వ్యాపారం కోసం కాకుండా మైక్రో ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ చోటు విషయంలో మినహాయింపు లేదు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకే. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. హైదరాబాద్‌లో శంషాబాద్, బేగంపేట విమానాశ్రయాలు, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు ఉన్నాయి కాబట్టి ఖాళీ స్థలం కనిపించిందని ఎగరేయడం కుదరదు. పోలీసులు కూడా అప్పుడప్పుడు తాత్కాలిక నిషేధం పెడుతుంటారు. బయల్దేరే ముందు డిజిటల్ స్కై మ్యాప్, స్థానిక ఉత్తర్వులు చూసుకోండి. రోడ్డు, ఇళ్లు, కరెంటు తీగలు వీపు వెనక ఉండేలా నిలబడి, ఎదురుగా ఉన్న ఖాళీ వైపే ఎగరేయండి.

రెండు నిమిషాల పరీక్ష

కొత్త విమానం అయినా, పాతదానికి కొత్త రిసీవర్ పెట్టినా ఇది తప్పదు. ముందు ప్రొపెల్లర్ విప్పేయండి. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి, తర్వాత విమానానికి బ్యాటరీ కలపండి. స్టిక్ కుడికి తిప్పితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, వెనక్కి లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. రేంజ్ టెస్ట్ మోడ్ ఉంటే అది ఆన్ చేసి 30 అడుగులు నడిచి వెళ్లి, సర్వోలు ఇంకా నిక్కచ్చిగా కదులుతున్నాయా అని ఎవరినైనా చూడమనండి.

చివరగా థ్రాటిల్ సగం పెట్టి, మోటార్ తిరుగుతుండగా ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేయండి. కొన్ని సెట్లు దీనికి అడ్డుపడతాయి, అప్పుడు రిసీవర్ దగ్గర ఉండగానే బ్యాటరీ తీసేయండి. మోటార్ వెంటనే ఆగి, సర్వోలు మీరు పెట్టిన స్థితికి వెళ్తే ప్రొపెల్లర్ మళ్లీ బిగించండి. మోటార్ ఇంకా తిరుగుతూనే ఉంటే ఆ రోజు విమానాన్ని ఇంట్లోనే ఉంచండి.