పీల్ పది నిమిషాలే.. అసలు పరీక్ష తర్వాతి వారం!

ఇన్‌స్టా తెరిస్తే చాలు, ముఖానికి ఎర్రటి ద్రవం పూసుకుని పది నిమిషాల్లో కడిగేసే రీల్ ఒకటి ఎదురవుతుంది. మర్నాటికల్లా మొటిమలు మాయం.. రీల్‌లో! ఆ సీసా ఆర్డర్ పెడితే అయిజకూ వచ్చేస్తుంది. రానిది ఒక్కటే, ఆ అమ్మాయి కూర్చున్న ఏసీ గది. కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న మన నడిగడ్డ ఎండ సంగతి ఆ రీల్ తీసినవాళ్లకేం తెలుసు?

అలాగని కెమికల్ పీల్ అంటే హడలిపోనక్కర్లేదు. ఇది పాత వైద్యమే. 1882లోనే జర్మనీ చర్మవైద్యుడు పాల్ ఉన్నా శాలిసిలిక్ యాసిడ్ లాంటివి చర్మంపై ఎలా పనిచేస్తాయో రాశాడు. చర్మం పైపొరను యాసిడ్‌తో కొద్దిగా వదులు చేసి ఊడేలా చేయడం, కింద నుంచి కొత్త పొర రావడం.. ఇంతే సూత్రం. చెరకు నుంచి వచ్చే గ్లైకోలిక్, పాల నుంచి వచ్చే లాక్టిక్, చేదు బాదం నుంచి వచ్చే మాండెలిక్.. ఇలా చాలా రకాలున్నాయి. మొటిమలకు మాత్రం ఎక్కువగా వాడేది శాలిసిలిక్. అది నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డు పేరుకున్న రంధ్రాల్లోకి దిగుతుంది. మీ ఫేస్‌వాష్‌లో ఉండేది 2 శాతం. క్లినిక్‌లో వాడేది 20 నుంచి 30 శాతం. తేడా అర్థమైందిగా!

క్లినిక్‌లో ముందు ముఖంపై జిడ్డు తుడుస్తారు. కళ్లు, పెదవుల చుట్టూ వాజిలిన్ రాస్తారు. తర్వాత యాసిడ్ పూసి గడియారం చూస్తూ నిలబడతారు. గ్లైకోలిక్ అయితే టైమ్‌కి ఆపేయాలి, లేదంటే అది ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. ఇంట్లో ఫోన్ చూసుకుంటూ మరో రెండు నిమిషాలు ఉంచేస్తే ముఖం కాలుతుంది. రెండు మూడు రోజులకు పొట్టు లేస్తుంది. దాన్ని గోటితో లాగొద్దు. రెండు మూడు వారాలకో సిట్టింగ్ చొప్పున నాలుగైదు పడతాయి.

మనలాంటి చామనఛాయ చర్మానికి ఓ గుణం ఉంది. ఎక్కడ కాలినా, గీరుకున్నా అక్కడ నల్లమచ్చ వేస్తుంది. కొత్త పొరకు ఎండ తగిలితే ఇంకా తొందరగా నల్లబడుతుంది. మొటిమ మచ్చ పోవాలని వెళ్లి ముఖమంతా మచ్చ తెచ్చుకున్నట్టవుతుంది. సీడ్ పత్తిలో క్రాసింగ్‌కి వెళ్తున్నారా? ఆ సీజన్‌లో పీల్ జోలికి పోకండి. బండి మీద రోజూ గద్వాల కాలేజీకి వెళ్లేవాళ్లు స్కార్ఫ్ కట్టుకున్నా సరే, కింద 30కి తగ్గని ఎస్పీఎఫ్ సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. రెండు వేళ్ల పొడవునా పిండుకుంటే ముఖానికీ మెడకూ సరిపోతుంది. బఠాణీ గింజంత రాస్తే రాయనట్టే. ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి.

పీల్‌తో లొంగనివీ ఉన్నాయి. గోధుమరంగు మచ్చలు తగ్గుతాయి కానీ లోతైన గుంటలు పూడవు. నెలసరి తప్పుతూ, గడ్డం దగ్గర మొటిమలు, వెంట్రుకలు వస్తుంటే ముందు హార్మోన్ల సంగతి చూపించుకోవాలి. గర్భిణులు, ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి.

అన్నిటికన్నా దాచకుండా చెప్పాల్సింది ఇంకోటుంది. మెడికల్ షాపులో ‘తెల్లబడే క్రీమ్’ అని అడిగి తెచ్చుకున్న ట్యూబ్. చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములకు నిబంధన పెట్టింది కూడా. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు రెట్టింపవుతాయి. అలాంటి చర్మంపై పీల్ పడితే ఇంకేముంది! ఆ ట్యూబ్‌ను వెంట తీసుకెళ్లి చూపించండి. కర్నూలు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, చూపించుకోడానికి ఖరీదైన క్లినిక్కే అక్కర్లేదు. బ్యూటీపార్లర్‌లో ‘ఆఫర్ పీల్’ అంటే మాత్రం సీసా మీద యాసిడ్ పేరు, శాతం అడగండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

ఇక పెళ్లి ఉన్నవాళ్లకు. ఫిబ్రవరిలో ముహూర్తమైతే దసరా దాటగానే డాక్టర్‌ను కలవండి, ఎండ తగ్గిన ఆ నెలలే మంచివి. వారం ముందు వెళ్తే మాత్రం నలుగు పెట్టే రోజుకి ముఖం పొట్టు రాలుతూ ఉంటుంది.