గాలివాన వెలిసినా కరెంటు ఎందుకు నిలవదు?

తుఫాను తీరం దాటే రాత్రి కరెంటు పోతే ఎవరూ తప్పుపట్టరు. చెట్లు విరిగి తీగల మీద పడుతుంటే సరఫరా ఆపడమే మంచిదని అందరికీ తెలుసు. కోపం మూడో రోజున మొదలవుతుంది. ఎండ కాస్తోంది, పక్క వీధిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మన మేడ మీది ట్యాంకులో చుక్క నీళ్లు లేవు. సాయంత్రానికి వచ్చిందని సంబరపడిన కరెంటు అరగంటలో మళ్లీ పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక విశాఖపట్నం, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చిపోయాక శ్రీకాకుళం జిల్లా ఉద్దానం రోజుల తరబడి ఇలాంటి చీకటిలో గడిపాయి.

ముందు గాలి లెక్క చూద్దాం. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 38 కిలోల బరువుతో తోస్తుంది. అంటే అర బస్తా ధాన్యం. 180 కిలోమీటర్ల దగ్గర అదే తోపుడు 150 కిలోలు దాటుతుంది, రెండు నిండు బస్తాలు. హుద్‌హుద్ గాలి వేగం సుమారు 180. తిత్లీ 140 నుంచి 150 కిలోమీటర్లతో వీచి, మధ్యలో 165 వరకూ విసిరింది.

స్తంభం సన్నగానే ఉంటుంది కాబట్టి గాలి ఒక్కటే దాన్ని పడగొట్టడం తక్కువ. కొబ్బరి చెట్టో తురాయి కొమ్మో తీగ మీద పడితే ఆ లాగుడుకు స్తంభం ఒరుగుతుంది. అది తన రెండు పక్కల వాటినీ లాగుతుంది. స్తంభం పొడవులో సుమారు ఆరో వంతే మట్టిలో ఉంటుంది. రెండు రోజుల వానకు నానిన ఇసుక నేల ఆ కాస్త పట్టూ వదిలేస్తుంది. కొబ్బరి, జీడి తోటల మధ్య నుంచి లైన్లు సాగే ఉద్దానంలో తిత్లీ చేసింది ఇదే.

ఇక బాగుచేసే వరస. ముందు 220, 132 కేవీ పెద్ద లైన్లు నిలబడాలి. తరవాత 33 కేవీ లైను, దాని కింద సబ్‌స్టేషన్, అక్కణ్నుంచి 11 కేవీ ఫీడరు లైను, దాని కొమ్మలు, వీధి ట్రాన్స్‌ఫార్మరు, చివరికి మన ఇంటి సర్వీసు తీగ. ఆసుపత్రులు, మంచినీటి పథకాలున్న ఫీడర్లను ముందు పట్టుకుంటారు, అది న్యాయం కూడా. ఒక మండలంలో 1,000 స్తంభాలు పడ్డాయనుకుందాం. ఒక ముఠా రోజుకు 10 స్తంభాలు నిలబెట్టగలిగితే, 20 ముఠాలు దిగినా పని 5 రోజులు. చిట్టచివరి కొమ్మ మీద ఇల్లున్నవాడి వంతు ఐదో రోజున వస్తుంది. అతనికి ఈ లెక్క తెలియదు. తెలియజెప్పేవాళ్లూ ఉండరు. చీకటికన్నా మనిషిని ఎక్కువ కుంగదీసేది ఈ తెలియకపోవడమే అని నా నమ్మకం. ‘మీ ఫీడరు వంతు ఫలానా రోజు’ అని గ్రామ సచివాలయం గోడ మీద ఒక కాగితం అతికిస్తే సగం గొడవలు తగ్గుతాయి.

వచ్చిన కరెంటు మళ్లీ మళ్లీ ఎందుకు పోతుంది? ఇక్కడ కారణాలు చాలా ఉన్నాయి. తొందరలో చేసిన పని తాత్కాలికం. తీగను తీగతో కలిపే జంపర్లు తెగితే మెలేసి కలుపుతారు. ఒరిగిన స్తంభానికి తాడు కట్టి ఆపుతారు. పింగాణీ ఇన్సులేటర్లలో సన్నని పగుళ్లు కింద నుంచి కనిపించవు. సముద్రపు గాలి వాటి మీద ఉప్పు పొర పూస్తుంది, తెల్లవారుజామున మంచు తగలగానే ఆ పొర తడిసి కరెంటును పక్కకు పాకనిస్తుంది, లైను ట్రిప్పవుతుంది. విరిగి తీగల మీద వేలాడే కొమ్మ ఒకటి చాలు, చిన్న గాలికే మళ్లీ చీకటి. ప్రతిసారీ లైన్‌మన్ సబ్‌స్టేషన్‌తో మాట్లాడి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, సరఫరా ఆగిందని తేల్చుకున్నాకే స్తంభం ఎక్కాలి. ఆ నిమిషాలను తగ్గించమని ఎవరూ అడగకూడదు. అతని ప్రాణం వాటి మీదే ఉంది.

మరో కారణం మన ఇళ్లలోనే ఉంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కింద 60 ఇళ్లున్నాయనుకోండి. మామూలు వేళ ఇంటికి 1 కేవీఏ చొప్పున 60 అవుతుంది, హాయిగా మోస్తుంది. మూడు రోజుల తరవాత కరెంటు రాగానే ప్రతి ఇంట్లో నీళ్ల మోటారు, ఫ్రిజ్, ఖాళీ అయిన ఇన్వర్టరు బ్యాటరీ ఒక్కసారే లాగడం మొదలుపెడతాయి. ఇంటికి 2 కేవీఏ అయినా మొత్తం 120. ఫ్యూజు పోతుంది. కరెంటు వచ్చాక ఒక పావుగంట ఆగి, వంతులవారీగా మోటార్లు వేసుకుంటే వీధి మొత్తానికి మేలు.

ఈ కష్టం రికార్డుల్లో ఎలా కనిపిస్తుందో చూడండి. ఏడాదికి 8,760 గంటలు. ఐదు రోజులు, అంటే 120 గంటలు కరెంటు లేకపోయినా ఏడాది మొత్తం మీద 98.6 శాతం సరఫరా ఉన్నట్టే. సగటు తీస్తే బాధ ఇంకా పలచబడుతుంది. లక్ష కనెక్షన్లలో పదివేల ఇళ్లు ఐదు రోజులు చీకట్లో ఉంటే కనెక్షనుకు సగటు 12 గంటలు! ఆ పదివేల ఇళ్లలో ఏ ఒక్కటీ 12 గంటలతో బయటపడలేదు.

ఉద్దానానికి ఈ లెక్క ప్రాణాంతకం. అక్కడ కిడ్నీ జబ్బు ఊరూరా ఉంది. నాలుగు గంటల డయాలిసిస్ ఒక్కదానికే సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి, ఆ నీటికీ యంత్రానికీ ఎడతెగని కరెంటు కావాలి. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్‌కు వెళ్లే మనిషికి ఐదు రోజుల అంతరాయం అంటే ఏమిటో సగటు చెప్పదు.

చట్టం మన పక్షాన కొంత ఉంది. 2020 డిసెంబరు 31న కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు తెచ్చింది. సరఫరా ఎన్నిసార్లు, ఎంతసేపు ఆగిందో లెక్కగట్టాలని, ప్రమాణం తప్పితే పరిహారం ఇవ్వాలని అవి చెబుతున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లోనే ఫ్యూజు పోతే పట్టణాల్లో 4 పనిగంటలు, పల్లెల్లో 12 పనిగంటలని గడువు పెట్టింది. అయితే తుఫాను, వరద లాంటి వేళ ఈ గడువులు వర్తించవు. మొదటి రోజులకు ఆ మినహాయింపు సబబే. మూడు వారాల తరవాత పగిలిన ఇన్సులేటరు వల్ల లైను పోతే దానికీ తుఫానే కారణమని రాసుకోవడం సబబు కాదు. మినహాయింపు ఏ రోజుతో ముగిసిందో ఫీడరు వారీగా ప్రకటించాలి. పైగా 165 కిలోమీటర్ల గాలి ఈ తీరానికి ఊహకందనిదేమీ కాదు. భవనాల కోసం రాసిన భారత ప్రమాణం కోస్తాంధ్రకు సెకనుకు 50 మీటర్ల గాలిని, అంటే గంటకు 180 కిలోమీటర్లను ఎప్పుడో లెక్కలోకి తీసుకుంది. తీగలు మోసే స్తంభానికీ అంత జాగ్రత్త దక్కాలి.

హుద్‌హుద్ తరవాత ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 25 కోట్ల డాలర్ల రుణంతో చేపట్టిన పనుల్లో విశాఖలో భూగర్భ కేబుళ్లు ఒకటి. ఖర్చు ఎక్కువ కాబట్టి ప్రతి పల్లెకూ అది కుదరదు. వేసవిలోనే కొమ్మలు కొట్టించడం, సబ్‌స్టేషన్ దగ్గర స్తంభాలు నిల్వ ఉంచడం మాత్రం ఎక్కడైనా కుదురుతుంది.

ఈసారి కరెంటు పోతే ఒక నోటు పుస్తకంలో పోయిన వేళ, వచ్చిన వేళ రాసుకోండి. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, మీ ఫీడరు పేరు అడిగి దాని పక్కనే రాయండి. వీధిలో పది ఇళ్లు కలిసి నెల రోజుల లెక్కతో విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా ఇవ్వండి.