క్రమము తప్పిన నెలసరి - తల్లిదండ్రులకు కొన్ని మాటలు

పాఠశాల వార్షిక సంచికయందు ఇట్టి విషయమును ప్రస్తావించుట కొందరు పెద్దలకు వింతగా తోచవచ్చును. కాని పైతరగతులలో చదువు బాలికలలో కొందరికి నెలసరి రెండు మూడు మాసముల కొకమారు వచ్చుట, ముఖమున మొటిమలు విపరీతముగా లేచుట, గడ్డముమీదను పైపెదవిమీదను ముతక వెండ్రుకలు మొలచుట కలదు. బిడ్డ సిగ్గుచే చెప్పదు; పెండ్లి సంబంధములకు అడ్డు వచ్చునను భయముచే తల్లి దాచును; తండ్రికి తెలియనే తెలియదు. ఈ మౌనమువలన కలుగు నష్టము వ్యాధివలన కలుగు నష్టమునకు తీసిపోదు. కావున దీనిని గూర్చి ముఖ్యమైన సంగతులను ఇచట వివరింతుము.

ఇట్టి లక్షణములకు తరచుగా కారణమగు వ్యాధిని వైద్యులు 'పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్' అనియు, పొడి అక్షరములలో పి.సి.ఓ.ఎస్. అనియు అందురు. 1935 లో అమెరికాలోని షికాగో నగరమున స్టెయిన్, లెవెంతాల్ అను ఇరువురు వైద్యులు ఏడుగురు స్త్రీలయందు ఈ లక్షణములను గమనించి వర్ణించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము సంతానయోగ్యమైన వయస్సు గల స్త్రీలలో నూటికి 10 నుండి 13 మందికి ఇది కలదు. ఉన్నవారిలో నూటికి 70 మంది వరకు తమకున్నదని ఎరుగరు.

గర్భాశయమునకు ఇరువైపుల రెండు అండాశయములు గలవు. వానిలో అండములు సన్నని నీటిబుడగలవంటి కోశములలో ఇమిడి యుండును. నెలనెల కొన్ని కోశములు పెరుగనారంభించును. వానిలో సాధారణముగా ఒకటి పక్వమై, పగిలి, అండమును విడుచును. గర్భము నిలువనిచో సుమారు రెండు వారములకు ముట్టు వచ్చును. ఈ వ్యాధియందు కోశములు సగము పెరిగి నిలిచిపోవును, అండము విడుదల కాదు, ముట్టు వెనుకబడును. స్కానింగులో కనబడునవి ఈ ఆగిపోయిన కోశములే గాని, కోసి తీయవలసిన గడ్డలు కావు. కనుక పేరు విని బెదరిపోవలసిన పని లేదు.

కోశములు ఏల ఆగిపోవును? స్త్రీ శరీరమునందు పురుష హార్మోనులు కొద్దిగా ఉండుట సహజము. ఈ వ్యాధియందు అవి మితిమీరును. దీనికి తోడు ఇన్సులిన్ కూడ కారణమగును. ఆహారమువలన రక్తములో చేరిన చక్కెరను కండరములలోనికి పంపునది ఇన్సులిన్. కొందరి శరీరము దానికి సరిగా లొంగదు. అప్పుడు క్లోమము మరింత ఇన్సులిన్‌ను స్రవించును; ఆ అధికమైన ఇన్సులిన్ అండాశయములను ప్రేరేపించి పురుష హార్మోనులను పెంచును. మెడవెనుకను చంకలలోను చర్మము నల్లబడి మందమగుట దీనికి ఒక గుర్తు. అది మురికి కాదు. ఎంత రుద్దినను పోదు. స్నానము సరిగా చేయలేదని బిడ్డను మందలించుట అన్యాయము. తల్లికో, అక్కకో ఈ వ్యాధి యున్నచో బిడ్డకు వచ్చు అవకాశము హెచ్చు. స్థూలకాయము గలవారికే కాక సన్నని పిల్లలకును రావచ్చును.

అయితే నెలసరి తప్పిన ప్రతి బాలికకును ఈ వ్యాధి యున్నదనుకొనరాదు. రజస్వల అయిన మొదటి సంవత్సరము క్రమము తప్పుట సహజమే. పిదప మూడవ యేడు నిండువరకు 21 దినములకు లోపుగా గాని 45 దినములు దాటి గాని ముట్టు వచ్చుచున్నచో వైద్యునికి చూపవలెను. మూడేండ్లు దాటిన పిమ్మట హద్దు 35 దినములు. మొదటి యేడు గడచిన తరువాత ఒక్కమారైనను 90 దినములు మించినచో, లేక 15 ఏండ్లు నిండినను రజస్వల కానిచో, ఉపేక్షింపరాదు. బాలికలయందు ఈ వ్యాధిని నిర్ణయించుటకు క్రమము తప్పుట, పురుష హార్మోనులు హెచ్చుట అను రెండును కనబడవలెను. రజస్వల అయిన ఎనిమిదేండ్ల వరకు ఆరోగ్యవంతులగు పిల్లల అండాశయములలోను కోశములు ఎక్కువగా కనబడుట కలదు గనుక, స్కానింగును బట్టి నిర్ణయము చేయరాదు. థైరాయిడ్ వంటి ఇతర దోషములు లేవని రక్తపరీక్షచే తెలిసికొనుటయు అవసరము.

ఇందుకు తల్లి చేయవలసిన మొదటి పని ముట్టు తేదీలను ఒక కాగితముమీద వ్రాసి యుంచుట. మన మింట తెలుగు మాటలాడుదుము. ఆసుపత్రిలో రాష్ట్రభాషయందు ఇట్టి సంగతులు చెప్పవలసినపుడు మాట తడబడవచ్చును. తేదీల పట్టికకు భాషాభేదము లేదు.

చికిత్సలో ప్రథమస్థానము ఆహారమునకును ఆటలకును కలదు. ప్రత్యేకమైన పథ్యము లేదు. తెల్లన్నము కొంత తగ్గించి రాగిసంకటి, జొన్నరొట్టె, పప్పు, ఉలవలు, ఆకుకూరలు హెచ్చించుట మంచిది. తీపి పానీయములును బజారు చిరుతిండ్లును తగ్గింపవలెను. పస్తులుంచుట మాత్రము తగదు. బరువు ఎక్కువగా ఉన్నవారు నూటికి 5 పాళ్లు తగ్గినను మేలు కనబడవచ్చును. పెరుగు వయస్సు పిల్లలకు దినమునకు ఒక గంట శరీరశ్రమ అవసరము. రజస్వల అయినంతనే బాలికను ఆటలు మాన్పించు ఆచారము మన ఇండ్లలో ఇంకను ఉన్నచో, దానిని విడనాడవలెను.

వీనితో చాలనపుడు వైద్యులు మెట్‌ఫార్మిన్ గాని హార్మోను మాత్రలు గాని ఇత్తురు. పెండ్లికాని పిల్లకు ఈ మాత్రలేల అని తల్లులు జంకుదురు. అవి ముట్టును క్రమపరచి, గర్భాశయపు లోపొరను కాపాడుటకు ఇచ్చునవి. చిరకాలము ముట్టు రాకున్నచో ఆ పొర దళసరియై మున్ముందు క్యాన్సరుకు దారితీయవచ్చును. మధుమేహ భయమును కలదు. ఈ వ్యాధి గల పిల్లలలో దిగులును ఆందోళనయు అధికమని గుర్తింపబడినది. వారి ముఖమును గూర్చి, లావును గూర్చి ఇంటివారు చేయు పరిహాసము ఆ దిగులును పెంచును.

'పెండ్లి చేసినచో అదే సర్దుకొనును' అనుట నిజము కాదు. సంతానమే కలుగదనుటయు నిజము కాదు. ఈ వ్యాధి గల స్త్రీలలో పెక్కుమంది తల్లులగుచున్నారు, కొందరికి చికిత్స అవసరమగును. దీనిని సమూలముగా పోగొట్టుదుమను ప్రకటనలను నమ్మి ధనమును కాలమును వ్యర్థము చేసికొనరాదు. ఇది అణచి యుంచదగిన వ్యాధి. ఎంత త్వరగా గుర్తించిన అంత మేలు.

బిడ్డ మార్కుల పట్టికను తండ్రి అడిగి చూచుచున్నాడు. ఆమె ఆరోగ్యమును గూర్చి అడుగుటయు అంత సహజము కావలెను. తల్లి అడిగినపుడు బిడ్డ సిగ్గుపడక చెప్పగలిగిన ఇల్లు సగము చికిత్సను తానే చేసినట్లు.