తపాలాబిళ్ళలు చెప్పు చరిత్ర

తపాలాబిళ్ళలు కూర్చుట చిత్తు కాగితములు పోగుచేయుట వంటిదని కొందఱు పెద్దలు తలంతురు. మేము అట్లు తలంపము.

మొదటి తపాలాబిళ్ళ 1840 లో ఇంగ్లండున వెలువడెను. ఉత్తరపు కూలి ముందుగా చెల్లినదని తెలుపుటయే దాని పని. మహనీయులను, ముఖ్య సంఘటనములను స్మరించుటకై వేఱుగా బిళ్ళలు ముద్రించు ఆచారము పిదప కలిగినది. వీనిని స్మారక బిళ్ళలందురు.

మన దేశపు తొలి స్మారక బిళ్ళలు న్యూఢిల్లీ నగర ప్రారంభ సందర్భమున 1931 లో వెలువడినవి. అవి ఆఱు. వానిపై ఢిల్లీ కట్టడములతోపాటు అయిదవ జార్జి చక్రవర్తి ముఖము కలదు. 1947 నవంబరు 21 న స్వతంత్ర భారతదేశపు మొదటి బిళ్ళ వచ్చెను. దాని వెల మూడున్నర అణాలు. దానిపై రాజముఖము లేదు. త్రివర్ణ పతాకమును, ‘జై హింద్’ అను మాటయు కలవు. 1948 ఆగస్టు 15 న గాంధీమహాత్ముని స్మరించుచు నాలుగు బిళ్ళలు వెలువడెను. వానిపై ‘బాపూ’ అని హిందీ, ఉర్దూ లిపులలో నున్నది.

ఈ బిళ్ళలను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. పదునేడేండ్ల చరిత్ర ఒక పుటలో నిముడును. ప్రతి బిళ్ళనుగూర్చియు, దీనిని ముద్రించినవారెవరు, వారు ఎవరిని స్మరించిరి, ఎవరిని విడిచిరి అని ప్రశ్నింపవలెను. ఈ ప్రశ్న లేని సేకరణము వట్టి పోగు.

బిళ్ళను కవరునుండి పెఱికి తీయరాదు. అంచు పండ్లు చినిగిన దాని విలువ తగ్గును. తేదీ, ఊరు తెలుపు ముద్ర స్పష్టముగా నున్నచో కవరును యథాతథముగా దాచుట మేలు. మీ యింటి పాత పెట్టెలలోని యుత్తరములను పాఱవేయక మునుపు, విద్యార్థులారా, ఒకసారి పరిశీలింపుడు.