చెదపురుగు పేగులో కథల రాక్షసుడు

చెక్క బీరువాను గుల్లచేసే చెదపురుగు మీకు తెలుసు. ఆ చెక్కను అరిగించడంలో దాని పేగులో కాపురముండే సూక్ష్మజీవులు ఎంతో సాయపడతాయి. 2013లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చెదపురుగు పేగులో ఒక కొత్త ఏకకణజీవిని గుర్తించారు. దానికి ఒకవైపు సుమారు 20 కశాభాలు గుత్తిగా ఉంటాయి. అవన్నీ కలిసి కదులుతుంటే సూక్ష్మదర్శినిలో చిట్టి ఆక్టోపస్ ఈదుతున్నట్లుంటుంది. ఆ ప్రజాతికి వారు పెట్టిన పేరు ‘క్తులూ’.

ఇది ఏ పురాణంలోని పేరో కాదు. ఒక భయానక కథలోనిది!

ఎవరీ క్తులూ?

హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో 1890లో పుట్టాడు. చిన్ననాడు ఖగోళశాస్త్రమంటే ఆయనకు ప్రాణం. పదమూడేళ్ళ ప్రాయంలోనే గ్రహాలు, నక్షత్రాల గురించి చిన్న పత్రిక తయారుచేసి తెలిసినవారికి పంచేవాడు. పెద్దయ్యాక ‘వియర్డ్ టేల్స్’ అనే చవక పత్రికకు కథలు రాశాడు. 1928లో అందులో అచ్చయిన కథలోనే క్తులూ కనిపిస్తాడు. ఆక్టోపస్ వంటి తల, వీపున రెక్కలు, సముద్రగర్భంలో యుగాల నిద్ర! మనుషుల నోరు తిరగకూడదనే ఆ పేరు కల్పించాడట. అనంతమైన విశ్వంలో మనిషి ఎంత అల్పుడో అన్న ఆలోచనే ఆయన కథల్లోని అసలు భయం.

లవ్‌క్రాఫ్ట్ 1937లో పేదరికంలోనే మరణించాడు. మిత్రులు ఇద్దరు 1939లో సొంతంగా ప్రచురణ సంస్థ పెట్టి ఆయన కథలను పుస్తకంగా తెచ్చారు. తర్వాత అభిమానులు క్తులూను బొమ్మల్లోకి, సినిమాల్లోకి, ఆటల్లోకి తీసుకుపోయారు. కొందరు ప్రయోగశాలకూ తెచ్చారు!

శిలాజం, ప్లూటో

ఇంగ్లండులో దొరికిన 43 కోట్ల ఏళ్ళనాటి ఒక శిలాజాన్ని శాస్త్రజ్ఞులు పొరపొరగా అరగదీస్తూ, ప్రతి పొరనూ ఫోటో తీశారు. ఆ ఫోటోలను కంప్యూటరులో పేర్చగా 45 నాళికాపాదాలు గల జీవి రూపు తేలింది. అది సముద్రదోసకు దూరపు బంధువు. 2019లో దానికి ‘సొల్లాసినా క్తులూ’ అని పేరు పెట్టారు.

1930లో ప్లూటో బయటపడగానే లవ్‌క్రాఫ్ట్ దాన్ని తాను రాస్తున్న కథలో చేర్చాడు. 2015లో న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో పక్కగా సాగినప్పుడు భూమధ్యరేఖ వెంట పెద్ద నల్లటి మచ్చ కనిపించింది. సూర్యుని అతినీలలోహిత కిరణాలు మీథేన్‌పై పనిచేసి పుట్టించిన ముదురు పదార్థం అక్కడ పేరుకొంది. పరిశోధక బృందం దాన్ని ముద్దుగా ‘క్తులూ’ అని పిలిచింది. 2023లో అధికారికంగా ఖాయమైన పేరు మాత్రం ‘బెల్టన్ రీజియో’. ముద్దుపేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. గ్రహాలపై స్థలాల పేర్లను నిర్ణయించేది అంతర్జాతీయ ఖగోళ సంఘం.

మరువరాని మాట

లవ్‌క్రాఫ్ట్‌కు ఇతర జాతుల మనుషులంటే ద్వేషముండేది. కొన్ని కథల్లోనూ అది కనిపిస్తుంది. అందుకే ప్రపంచ ఫాంటసీ అవార్డుగా ఇస్తూ వచ్చిన ఆయన తల ప్రతిమను మార్చాలని 2015లో నిర్ణయించారు. కథ నచ్చితే చదవండి. కానీ రచయిత తప్పును తప్పనే అనండి. కొత్తవారిని చూసి జంకి దూరంగా ఉండిపోతే ద్వేషమే మిగులుతుంది. చెదపురుగు పేగులోని వింతజీవిని ఆ శాస్త్రజ్ఞులు దగ్గరగా చూశారు కనుకనే మనకు తెలిసింది.

మీరూ చేయండి: చెరువు నీటి చుక్కను సూక్ష్మదర్శిని కింద ఉంచండి. కనిపించిన జీవి బొమ్మ గీసి, మీకు నచ్చిన కథలోంచి ఒక పేరు పెట్టండి. ఆ పేరే ఎందుకో దాని లక్షణాలతో వివరించండి.